తాటిచెట్ల దిగుడు మధ్యలో కాలవ పడిపోయింది, ఆదివారం ఎవరైనా వస్తారా?

రస్ట్‌బకెట్ | నవంబర్ 4, రాత్రి 9:40
నిన్న పొద్దున్న చాన్నాళ్లకి సైకిలేసుకుని కొండెక్కాను, వానలకి మూడు వారాలు బండి ముట్టుకోలేదు, చైన్ చూస్తే బీచ్ రోడ్డు కరెంటు స్తంభంలా తుప్పు పట్టింది అది వేరే కథ. కొండ పేరు ఇక్కడ రాయను, రాస్తే వచ్చే ఆదివారానికి యాభై మంది దిగుతారు. తెలిసినోళ్లకి తెలుసు, వైజాగ్ నించి ఆనందపురం దాటాక మట్టిరోడ్డు, జీడితోటల వెనక నించి ఎక్కేది. ఎక్కుడు బానే ఉంది. పైన రెండు తాటిచెట్ల దగ్గర నించి నిలువుగా దిగుతాం చూడండి, ఆ ముక్క పోయింది. దారి నడిమధ్యన కాలవ పడింది, కొన్ని చోట్ల మోకాలు లోతు. ముందు చక్రం అందులో దిగబడి నేను హ్యాండిల్ మీంచి ఎగిరి లాంటానా పొదలో పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది, వెనక గేర్లు మార్చే డీరైలర్ వేలాడే హ్యాంగర్ వంగింది.
నా ఐడియా ఏంటంటే ఓ పది మందిమి వెళ్లి ఆ కాలవలో రాళ్లు నింపేసి, పైన రెండు బస్తాల సిమెంటు కలిపి పోసేస్తే ఇక జన్మలో కదలదు. సిమెంటు ఖర్చు నాది. ఎవరొస్తారు?

పంక్చర్ పాపారావు | నవంబర్ 4, రాత్రి 10:02
సిమెంటా? ఇంకా నయం, రైలింగు కట్టి ఐ లవ్ కొండ అని బోర్డు పెడదామన్లేదు. మనకి కైలాసగిరి పార్కు ఒకటుంది చాలు బాసూ.
మోచేతికి టీటీ వేయించుకున్నావా లేదా ముందు చెప్పు.

బ్రేక్‌లేని బండి | నవంబర్ 4, రాత్రి 11:15
ఇంత సీన్ ఎందుకు అన్నా. కాలవకి ఎడం పక్క గడ్డి మీంచి ఆల్రెడీ కొత్త లైను పడింది, శనివారం వాన తుంపర్లో నేను అదే దిగాను, పాతదాని కన్నా ఫాస్ట్‌గా ఉంది, వెనక టైర్ లాక్ చేసి డ్రిఫ్ట్ కొడితే మామూలుగా లేదు. వీడియో కావాలంటే పెడతా.

కొండమేస్త్రి | నవంబర్ 5, ఉదయం 6:10
బ్రేక్‌లేని బండి తమ్ముడూ, వీడియో పెట్టక్కర్లేదు. ఆ కాలవ ఎలా పడిందో నీ పోస్టులోనే ఉంది.
నేను పాతికేళ్లు రోడ్ల పనుల్లో ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి. రోడ్డుకైనా సైకిల్ దారికైనా శత్రువు ఒకటే, నీళ్లు. వాన పడ్డాక నీళ్లు కొండ మీంచి ఎటు దిగుదామని చూస్తాయో మన దారి కూడా సరిగ్గా అటే దిగితే అది దారి కాదు, నీళ్లకి మనం తవ్వి ఇచ్చిన కాలవ. తాటిచెట్ల దగ్గర కొండ వాలు నలభై శాతం ఉంటుంది, నేను ఫోన్‌లో చూశాను, దారి వాలు కూడా అంతే, ఎందుకంటే అది నిలువు. పైన ఎవడో వెనక బ్రేకు బిగించి టైరు ఈడిస్తే వేలెడు గాడి పడుతుంది, మొదటి వానకి నీళ్లు ఆ గాడిలో చేరతాయి, రెండో వానకి అది జానెడు, అక్టోబర్ అయ్యేసరికి మోకాలు లోతు. తర్వాత వచ్చినవాడు కాలవ తప్పించుకుని పక్కన గడ్డి మీద దిగుతాడు, అక్కడ రెండో కాలవ. ఈ వరసలో పోతే మూడేళ్లలో అది కొండ కాదు, మన ఎర్రమట్టి దిబ్బలకి చెల్లెలు. భీమిలి రోడ్డులో ఆ దిబ్బలు చూసే ఉంటారుగా, అక్కడ అంతంత లోతు గండ్లు కోసింది నీళ్లే. అక్కడ బావుంది చూస్తాం, మన దారి మీద అక్కర్లేదు.
ఇంకోటి, మన కొండల్లో చాలా మటుకు ఖొండలైట్ రాయి, ఇక్కడి ఖోండు జనం పేరు మీదే ఆ పేరొచ్చింది. వాతావరణానికి తొందరగా చివికిపోయే రాయి అది, పైపొర మెత్తటి ఎర్రమట్టి అయిపోతుంది, ఎండలో ఇటుకలా ఉంటుంది, తడిస్తే సబ్బే.
సిమెంటు సంగతి. పోస్తే నీళ్లు దాని పక్క నించి, అడుగు నించి తవ్వుకుంటూ పోతాయి. ఓ సంవత్సరం తర్వాత గాల్లో వేలాడే సిమెంటు పలక మిగులుతుంది, దాని మీద మళ్లీ రస్ట్‌బకెట్ గారు పడతారు.

రస్ట్‌బకెట్ | నవంబర్ 5, ఉదయం 8:30
గురువుగారూ దండం. సిమెంటు కేన్సిల్. మరి ఏం చెయ్యాలి?

కొత్త పెడల్ | నవంబర్ 5, ఉదయం 9:05
హాయ్ అందరికీ, కొత్తగా జాయినయ్యాను. పాతిక వేలలో మంచి ఎంటీబీ, అదే కొండల్లో తొక్కే సైకిల్, చెప్పండి, గేర్లు 21 ఉంటే చాలా? మాది గాజువాక.

పంక్చర్ పాపారావు | నవంబర్ 5, ఉదయం 9:20
తమ్ముడూ దీనికి వేరే థ్రెడ్ ఉంది గానీ ఒక్క మాట: గేర్ల సంఖ్య చూడకు, డిస్క్ బ్రేకు చూడు, టైరు 2.2 అంగుళాల పైన పడుతుందా చూడు. వెనక సస్పెన్షన్ అని ఆ ధరలో అమ్మేది ఏదైనా అది సస్పెన్షన్ కాదు మంచం స్ప్రింగు. మిగతాది అక్కడ మాట్లాడదాం.

జీడిపిక్క | నవంబర్ 5, మధ్యాహ్నం 1:45
అందరికీ నమస్కారం. నాను ఇన్నాళ్లూ సదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నాది ఆ కొండ కిందూరే. మీరు తాటిచెట్ల దిగుడు అంటన్నారే, అది మీరు రాక ముందు నుంచీ ఉంది, మాయమ్మోళ్లు కట్టెలకి ఎల్లే దారది. నెత్తి మీద మోపు ఎట్టుకుని దిగుతారు. కింద సగం మా సిన్నాన్నకి గవర్నమెంటోళ్లు ఇచ్చిన డి-పట్టా జీడితోట, పైన సగం ఫారెస్టు.
ఇప్పుడా కాలవ మూలాన ఆళ్లు కూడా పక్కనించి దిగుతన్నారు. మొన్న మా పెద్దమ్మ కాలు మెలిక పడి కూకుండిపోనాది. ఇంకా ఏటంటే పై నించి కొట్టుకొచ్చిన మట్టంతా మా తోటలో మూడు సెట్ల మొదళ్ల మీద మేట ఏసీసింది. మీరు సైకిల్లు తొక్కద్దని అనట్లేదు, నాకూ ఒకటుంది, ముందు బాస్కెట్ తీసీసి తొక్కుతాను. కానీ ఆదివారం పూట పది మంది ఝుయ్యని దిగిపోయి కింద టీ తాగి ఎల్లిపోతారు, ఆ దారి మాది అని ఎవరికీ తెలీదు. అదీ బాధ.

బ్రేక్‌లేని బండి | నవంబర్ 5, సాయంత్రం 6:50
బ్రో నేను ఎవరి దారీ పాడు చెయ్యాలని చెయ్యలేదు. పది కిలోల సైకిల్ టైరుకి కొండ పాడైపోద్దా? బైకులు ఎక్కిస్తున్నారు వాళ్లనెవరూ అడగరు. హుద్‌హుద్ తుఫానుకి కొండల మీద సగం చెట్లు పడిపోయాయి దాన్ని కూడా మామీద వేసేయండి.

కొండమేస్త్రి | నవంబర్ 5, రాత్రి 7:40
హుద్‌హుద్ మాట బాగా గుర్తు చేశావ్, అందులో నిజం ఉంది. 2014 అక్టోబర్ 12 తర్వాత ఆ కొండ నేను చూశాను, వేళ్లతో సహా లేచిపోయిన చెట్ల గోతులే. మట్టిని పట్టుకునే వేరు పోయింది కాబట్టే ఇప్పుడు నీ పది కిలోల సైకిల్ కూడా ఎక్కువ. మనిషి నడిచినా సైకిల్ తిన్నగా దొర్లినా పెద్ద తేడా ఉండదు, ఒప్పుకుంటా. టైరు ఈడిస్తేనే తేడా. తడి మట్టి మీద ఈడిస్తే ఇంకా తేడా. ఒక లెక్క చెప్తా, బయల్దేరే ముందు కొండ కింద పిడికెడు మట్టి తీసి పిసుకు, ముద్ద కట్టి అలాగే నిలబడితే ఇంటికెళ్లి ఇడ్లీ తిను. విరిగి రాలిపోతే తొక్కు.
బ్రేకు విషయం కూడా. వెనక బ్రేకు ఒక్కటే నొక్కితే దిగుడులో బరువంతా ముందుకి పోయి వెనక చక్రం తేలిగ్గా లాక్ అవుతుంది. నిజంగా ఆపేది ముందు బ్రేకు. ఒంటి బరువు వెనక్కి వేసి రెండూ కొంచెం కొంచెం నొక్కడం నేర్చుకుంటే బండి ఈడవదు, నువ్వూ పడవు. డ్రిఫ్ట్ కొట్టేవాడు స్పీడు పోగొట్టుకుంటున్నాడని నీకూ తెలుసు.

సింహాచలం సంపెంగ | నవంబర్ 5, రాత్రి 9:15
జీడిపిక్క గారూ, మీరు రాసినందుకు థాంక్స్, నిజంగా. మీ పెద్దమ్మ గారికి ఇప్పుడెలా ఉంది?
మిగతావాళ్లకి, పార పట్టుకునే ముందు ఒక్క నిమిషం. పైన సగం ఫారెస్టు అంటే రిజర్వ్ ఫారెస్టు, అక్కడ కొమ్మ నరికినా రాయి పగలగొట్టినా కొత్తగా దారి తవ్వినా 1967 అటవీ చట్టం కింద నేరం, మంచికే చేశాం సార్ అంటే కుదరదు. పోయినేడు ఇంకో గ్రూపులో ఎవరో కంబాలకొండ లోపలికి సైకిళ్లేసుకుని పోదాం గేటు పక్కన సందుంది అన్నారు, నాకు ఒళ్లు మండింది. అది శాంక్చురీ, 1972 వన్యప్రాణి చట్టం, పర్మిషన్ లేకుండా అడుగు పెట్టకూడదు. చిరుతలు తిరుగుతాయి, అలుగులున్నాయి, అవి సైకిల్ యాప్‌లో మన సెగ్మెంట్ టైమింగుల కోసం లేవు. పెద్ద క్లాసు పీకాను సారీ. నా పాయింటు ఏంటంటే పైన సగం ముట్టుకోకుండా పని అయ్యే మార్గం ఉందా?

జీడిపిక్క | నవంబర్ 6, ఉదయం 5:55
పెద్దమ్మకి పర్లేదండి, కుంటుకుంటానే నిన్న మళ్లీ కట్టెలకి ఎల్లింది, ఆగమంటే ఆగదు.
మార్గం ఉంది. తాటిచెట్ల కాడినుంచి కుడి పక్కకి మా పశువుల దారి ఒకటుండేది. ఇప్పుడు గొడ్లు తగ్గిపోనాయి కాబట్టి పొదలు మూసీసినాయి గానీ దారి జాడ ఉంది. అది కొండకి అడ్డంగా పోయి, ఎనక్కి తిరిగి, మళ్లీ అడ్డంగా వచ్చి మా తోట పక్కన దిగుతాది. దాని మీద ఎప్పుడూ కాలవ పడినట్టు నాను సూడలేదు.

కొండమేస్త్రి | నవంబర్ 6, ఉదయం 7:30
ఇది కావాలి నాకు! చూశారా, ఆవు ఎప్పుడూ నిలువుగా దిగదు. ఏ కాలేజీలోనూ చదవకుండా సర్వే చేసేది అదొక్కటే.
కొండల్లో సైకిల్ దారులు వేసేవాళ్లు రెండు లెక్కలు చూసుకుంటారు. ఒకటి, దారి వాలు కొండ వాలులో సగానికి మించకూడదు. సగం దాటితే నీళ్లు దారిని అడ్డంగా దాటిపోకుండా దారెంటే దిగడం మొదలెడతాయి. రెండోది, మొత్తమ్మీద సగటు వాలు పది శాతం దగ్గర ఉండాలి. మనం అక్కడ నలభై మీటర్లు కిందకి దిగాలి అనుకోండి. నిలువుగా అయితే వంద మీటర్లలో అయిపోతుంది, పది శాతంతో అయితే నాలుగొందల మీటర్ల దారి. బ్రేక్‌లేని బండీ, నాలుగు రెట్లు ఎక్కువ రైడు, మధ్యలో ఓ మలుపు, ఆలోచించుకో.
ఈ లెక్కలేవో మనకి కొత్త గానీ బయట పాతవే. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కొండ మీంచి పాత సైకిళ్లతో 1976లో పందేలు మొదలెట్టారు, దిగేసరికి వెనక చక్రం హబ్బులో ఉండే బ్రేకు గ్రీజు కాలిపోయి మళ్లీ నింపుకోవాల్సి వచ్చేది, అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. పదేళ్లు తిరిగేసరికి అక్కడి చాలా దారుల్లో సైకిళ్లకి ప్రవేశం లేదని బోర్డులు లేచాయి. అప్పుడు 1988లో రైడర్లంతా కలిసి ఇంబా అని సంఘం పెట్టుకుని, తొక్కేవాడే పార పట్టాలి అని మొదలెట్టారు. మనకింకా బోర్డు రాలేదు.

బ్రేక్‌లేని బండి | నవంబర్ 6, ఉదయం 10:12
నాలుగొందల మీటర్లా. సరే వస్తా. కానీ మలుపు దగ్గర చిన్న బర్మ్, అదే బయటి పక్క వాలుగా మట్టి గట్టు, పెడదాం ప్లీజ్.

పంక్చర్ పాపారావు | నవంబర్ 6, ఉదయం 10:15
అబ్బాయి దారికొచ్చాడు, అక్షరాలా.
నేనూ వస్తా. సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఉత్తికాళ్లతో నడిచినోణ్ణి, ఓ గునపం ఎత్తలేనా. ఒక పక్క సమాచారం, మట్టిరోడ్డు మొదట్లో పల్లేరు కాయలు విపరీతంగా ఉన్నాయి, ట్యూబులతో వచ్చేవాళ్లు రెండు స్పేర్లు తెచ్చుకోండి. ట్యూబ్‌లెస్ బాబులు కూడా పొంగిపోకండి, మన ఎండకి టైర్లో పోసే పంక్చర్ సీలెంట్ రెండు మూడు నెలల్లో ఎండి రబ్బరు ముద్ద అయిపోతుంది, ఊపి చూసుకుని రండి, లోపల గలగల వినపడాలి.

మోడరేటర్ | నవంబర్ 6, మధ్యాహ్నం 12:00
కొత్త పెడల్ ప్రశ్నని కొనుగోలు విభాగంలోకి మార్చాను. ఈ థ్రెడ్‌లో ఎవరూ లొకేషన్ పిన్ పెట్టొద్దు, పెట్టినవి రెండు తీసేశాను.

సింహాచలం సంపెంగ | నవంబర్ 11, రాత్రి 8:20
అప్‌డేట్. నేనూ జీడిపిక్క గారూ శనివారం ఫారెస్టు సెక్షన్ ఆఫీసర్ని కలిశాం. కాయితం రాసిచ్చాం. పైన ఉన్న పాత పశువుల దారిలో లాంటానా తీసుకోవచ్చు, వేరే మొక్క ముట్టుకోకూడదు, మట్టి తవ్వకూడదు, సాయంత్రం నాలుగు తర్వాత కొండ మీద ఉండకూడదు, పని రోజు బీట్ ఆఫీసర్ వస్తారు. కింద డి-పట్టాలో జీడిపిక్క గారి చిన్నాన్న గారు ఒప్పుకున్నారు కాబట్టి పార పని అంతా అక్కడే. చిన్నాన్న గారి షరతు ఒకటే, మార్చి నుంచి మే దాకా జీడిపిక్కలు రాలే టైములో తోటలోంచి సైకిల్ దించుకుని నడిపించుకుపోవాలి.
17వ తేదీ ఆదివారం, పొద్దున్న ఐదున్నరకి ఆనందపురం పూలమార్కెట్ ముందు. ఫుల్ షూ, ఫుల్ ప్యాంటు. రాళ్లు ఎత్తేటప్పుడు ముందు గునపంతో కదిపి అప్పుడు చెయ్యి పెట్టండి, కింద తేళ్లుంటాయి, రక్తపింజర అయితే ఆకుల్లో ఆకులా పడుకుంటుంది. దేవుడి దయవల్ల ఏం జరగదు, జరిగితే కట్టు కట్టడం, కొయ్యడం, పీల్చడం ఏవీ చెయ్యొద్దు, కాలు కదపకుండా బండెక్కించి తిన్నగా కేజీహెచ్ ఆసుపత్రికి.

రస్ట్‌బకెట్ | నవంబర్ 17, రాత్రి 9:50
ఒళ్లు హూనం. కానీ రాసేసి పడుకుంటా. పదమూడు మంది వచ్చాం, ఊరి నించి నలుగురు. కొండమేస్త్రి గారు తాపీ మేస్త్రులు వాడే నీళ్ల ట్యూబు పట్టుకొచ్చారు, రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటే లెవెల్ ఎంత తేడానో తెలిసిపోతుంది, పది మీటర్లకి మీటరు కన్నా ఎక్కువ దిగితే దారి గుర్తుకి పాతిన కర్ర పీకి మళ్లీ పాతించారు. నాకు ఫోన్‌లో యాప్ ఉంది సార్ అంటే దాన్ని జేబులో పెట్టుకో అన్నారు.
తోటలో దారిని కొండలోకి కోసి వేశాం, రెండడుగుల వెడల్పు, తీసిన మట్టి అంచున గట్టులా పొయ్యనివ్వలేదు, కిందకి దూరంగా విసిరి చల్లించారు, గట్టుంటే నీళ్లు దారిలోనే చిక్కుకుంటాయట. దారి కూడా సమంగా ఉండకూడదు, బయటి అంచు వైపు కొంచెం వాలుగా ఉండాలి, మీటరుకి రెండంగుళాల చొప్పున. ఇంకా ఇరవై అడుగులకోసారి దిగుతూ దిగుతూ ఒకచోట జానెడు పైకి ఎక్కేలా పెట్టించారు, అక్కడ నీళ్లు ముందుకి పోలేక పక్కకి దిగిపోతాయి. తొక్కుతుంటే ఆ ఎత్తులే సరదా. బ్రేక్‌లేని బండి మలుపు దగ్గర నాలుగు గంటలు వంచిన నడుం ఎత్తకుండా పని చేశాడు, బర్మ్ వచ్చింది, దాని లోపలి మూల నీళ్లు పోవడానికి సందు కూడా వాడే పెట్టాడు.
జీడిపిక్క వాళ్ల అమ్మగారు చోడి అంబలి, అదే రాగి అంబలి, పంపించారు. నాకు రెండో చెంబు కూడా పోశారు.

కొండమేస్త్రి | నవంబర్ 18, ఉదయం 6:00
పాత కాలవ సంగతి మర్చిపోవద్దు. దాన్ని వదిలేస్తే అది పెరుగుతూనే ఉంటుంది. వచ్చే వారం ఫారెస్టు వాళ్లు వాళ్ల ముక్కలో చూసుకుంటామన్నారు, తోట ముక్కలో మనం. నిలువునా రాళ్లు నింపడం కాదు రస్ట్‌బకెట్ గారూ, అడ్డంగా చిన్న చిన్న రాతి కట్టలు, మోకాలు ఎత్తు కన్నా తక్కువ, మధ్యలో కొంచెం పల్లంగా. నీటి స్పీడు తగ్గితే మట్టి అక్కడే దిగిపోతుంది, రెండు వానాకాలాలకి దానంతటదే పూడుతుంది. పై కొసలో తుమ్మకంప అడ్డం వేస్తే ఎవరూ దిగరు.

బ్రేక్‌లేని బండి | నవంబర్ 24, సాయంత్రం 5:30
కట్టలు ఏడు వేశాం, కంప వేశాం. నా అరచేతిలో ఎనిమిది ముళ్లు. కొత్త దారి రెండు సార్లు తొక్కా, ఎక్కడా ఈడవలేదు, ఇది నమోదు చేసుకోండి.

జీడిపిక్క | డిసెంబర్ 21, ఉదయం 7:15
వాయుగుండం వాన రెండ్రోజులు దంచీసింది కదా, ఇప్పుడే గొడుగేసుకుని ఎల్లి సూసొచ్చేను. కొత్త దారి నిలబడింది. నీళ్లు ఎక్కడికక్కడ పక్కకి ఎల్లిపోనాయి, జీడాకులు ఎటు కొట్టుకుపోనాయో సూస్తే తెలిసిపోతంది. ఒక్క మూడో ఎత్తు కాడ మట్టి మేట పడి పూడిపోనాది, అక్కడ నీళ్లు దారెంట ఓ పది అడుగులు నడిసినాయి. సన్న గాడి పడింది. మిగతాది బాగుంది. పాత కాలవలో పై రెండు కట్టల ఎనక జానెడు మట్టి నిండింది.
ఇంకో సంగతి. తుమ్మకంప లేదు. వాన ముందే మాయమ్మోళ్లు పట్టుకెల్లి పొయ్యిలో ఎట్టీసినారు. ఎండు కంప ఎదురుగుండా ఎడితే ఒగ్గుతారేటి? మళ్లీ ఆ నిలువు దారమ్మటే దిగుతన్నారు, కొత్త దారి సుట్టూ తిరిగి రావాలి మోపుతో ఎవులు తిరుగుతారు అంటంది మా పెద్దమ్మ.

పంక్చర్ పాపారావు | డిసెంబర్ 21, ఉదయం 7:40
పెద్దమ్మ గెలిచింది 😂 బ్రేక్‌లేని బండి గుచ్చుకున్న ఎనిమిది ముళ్ల మీద వంట అయిపోయింది.

సింహాచలం సంపెంగ | డిసెంబర్ 21, ఉదయం 8:25
నవ్వుకున్నాం గానీ తప్పు మనదే కదా. నాలుగొందల మీటర్లు మనకి సరదా, ఇరవై కిలోల మోపు నెత్తి మీద ఉన్నవాళ్లకి కాదు. మనం ఒక్కరినైనా అడిగామా?

కొండమేస్త్రి | డిసెంబర్ 21, ఉదయం 9:10
అడగలేదు. నేనే అడగాల్సింది.
తోట ముక్కలో కాలవకి పక్కగా రాతి మెట్లు వేద్దాం, సిమెంటు లేకుండా, ఒక్కో రాయి మూడొంతులు భూమిలోకి దిగేలా. మెట్టు ఎత్తు పెద్దమ్మగారిని నిలబెట్టి ఆవిడ చెప్పినంత. మెట్లుంటే సైకిళ్లు కూడా అటు దిగవు. జీడిపిక్క బాబూ, ఆవిడ ఏ ఆదివారం ఖాళీగా ఉంటారో కనుక్కో.

జీడిపిక్క | డిసెంబర్ 21, ఉదయం 9:50
అడిగేను. వచ్చే ఆదివారం రమ్మంది. రాళ్లు పెద్దవి ఏరండి, సిన్నవేస్తే ఊరుకోను అంది.

రస్ట్‌బకెట్ | డిసెంబర్ 21, ఉదయం 10:05
29వ తేదీ, ఐదున్నర, అదే చోటు. గునపాలు రెండు తక్కువ ఉన్నాయి, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. మూడో ఎత్తు కూడా అప్పుడే చూసేద్దాం. అప్పటిదాకా తడిగా ఉంది కాబట్టి ఎవరూ తొక్కొద్దు, ముఖ్యంగా నేను.

బ్రేక్‌లేని బండి | డిసెంబర్ 21, ఉదయం 10:07
గునపం ఒకటి నాది. ఈసారి గ్లౌజులు కూడా.